వాటికను ఉద్యోగుల ఫుట్‌బాల్ పోటీ: సంఘము యజమానియైనప్పుడు

ఉపోద్ఘాతము

సంఘ చరిత్ర చదువు విద్యార్థికి వాటికను అనగానే పోపులు, మహాసభలు, శాసనములు జ్ఞాపకము వచ్చును. ఆ ద్వారములయొద్ద కావలి కాయువారు, ఉత్తరములు పంచువారు, మందులమ్మువారు, మ్యూజియములో నిలువుకాళ్లపై నిలుచుండువారు మన పుస్తకములలో అరుదుగా కనబడుదురు. వారిని చూచుటకు ఒక చిన్న కిటికీ ఉన్నది. అది వారి ఫుట్‌బాల్ పోటీ.

రెండు ఆటలు

1521 జనవరి 3న పోపు పదవ లియో మార్టిన్ లూథరును సంఘమునుండి వెలివేయుచు అధికారపత్రమును వెలువరించెను. అదే నెలలో, కొద్ది దినములకే, వాటికనులోని బెల్వెడేరె ప్రాంగణమున ఆ పోపు సమక్షములో ఫ్లోరెన్సు పద్ధతి బంతియాట జరిగినదని క్రీడా చరిత్రకారులు వ్రాయుదురు. లియో ఫ్లోరెన్సు నగరపు మెడిచి వంశస్థుడు. అక్కడ ఆ ఆట ప్రధానముగా కులీనుల వినోదము. ఆడినవారు గొప్పవారు, చూచినవారు అంతకంటె గొప్పవారు.

నాలుగున్నర శతాబ్దముల తరువాతి ఆట వేరు. 1929 నాటి లాటరన్ ఒడంబడికతో వాటికను స్వతంత్ర రాజ్యమాయెను. దాని వైశాల్యము సుమారు 44 హెక్టార్లు. జనసంఖ్య వెయ్యికి లోపే. పనివారు మాత్రము వేలల్లో ఉన్నారు. వారిలో అత్యధికులు సాధారణ గృహస్థులు. రోము నగరమునుండి ఉదయమున వచ్చి సాయంకాలము తిరిగి వెళ్లుదురు. 1972లో వాటికను ఉద్యోగియైన సెర్జియో వాల్చి చొరవతో వీరి మధ్య క్రమబద్ధమైన పోటీ ఆరంభమాయెను. జట్లు కార్యాలయముల వారీగా ఏర్పడినవి: మ్యూజియము సిబ్బంది, పోలీసు దళము, స్విస్ గార్డులు, పరిశుద్ధ పేతురు దేవాలయ నిర్వహణ శాఖవారు మొదలగునవి. రాజ్యములో చాలినంత స్థలము లేనందున ఆటలు గోడల వెలుపల, సమీపములోనే ఉన్న మైదానమున జరిగినవి. ఆటగాళ్లకు జీతము లేదు. వాటికను ఫిఫాలో సభ్యరాజ్యమును కాదు.

ఈ రెండు ఆటల మధ్య తేడా ఏమి? మొదటిదానిలో సంఘాధిపతి ప్రేక్షకుడు, కులీనుడు ఆటగాడు. రెండవదానిలో దినమంతయు ఇతరులకు ద్వారము తెరచినవాడు తానే బంతి తన్నుచున్నాడు.

బంతి తీర్చలేనిది

అయితే దీనిని అందమైన కథగా చెప్పి ముగించుట చరిత్రకు న్యాయము కాదు. పోపు పదమూడవ లియో 1891లో పనివారి హక్కులు, న్యాయమైన వేతనము, విశ్రాంతిని గూర్చి లోకమునకు లేఖ వ్రాసెను. రెండవ జాన్ పాల్ 1981లో శ్రమను గూర్చి మరొక లేఖ వెలువరించి, 1982 నవంబరులో తన సొంత పరిపాలనలోని పనిని గూర్చియే వ్రాయవలసివచ్చెను. అక్కడ పనిచేయువారందరు ఒకే శ్రామిక సమాజమని ఆయన భావము. అయినను 2024లో మ్యూజియము ఉద్యోగులు 49 మంది అదనపు పనివేళలకు తగిన వేతనము లేదనియు, ఆరోగ్యభద్రత చాలదనియు ఫిర్యాదు చేసిరి. ఆటకు మైదానము దొరికిన శాఖలోనే ఈ మొర పుట్టెను. మైదానములో సమానులైనవారు జీతపు పట్టీలోను న్యాయము కోరిరి. ఆట సహవాసమును పెంచును గాని న్యాయమునకు బదులు కానేరదు.

ముగింపు

ఇది రోమును వేలెత్తి చూపుటకు వ్రాసినది కాదు. మన సంఘములకును ఆసుపత్రులు, పాఠశాలలు, హాస్టళ్లు ఉన్నవి. వాటిలో కావలివాడు, ఆయా, డ్రైవరు, వంటమనిషి ఉన్నారు. క్రిస్మసు దినమున వారికి బట్టలు పెట్టి, ఫొటో తీయించుకొని, నెల జీతము ఆలస్యము చేసిన సందర్భములు మనకు తెలియనివి కావు. కొలొస్సయులకు 4:1 యజమానులకు వ్రాయబడినది. దానిని మనము ఎక్కువగా ఇతర యజమానులకే బోధించుచున్నాము. సంఘమే యజమానియైనప్పుడు ఆ వచనము మొదట ప్రసంగ పీఠమునకు ఇవతల నిలిచియున్న మనకు వర్తించును. పనివారితో కలిసి ఆడుదము. మరునాడు వారి జీతపు పుస్తకమును కూడ తెరచి చూతము.