మణికట్టు లిగమెంట్ల శస్త్రచికిత్స: చరిత్ర

మణికట్టులోని చిన్న ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్లు తెగినప్పుడు వాటిని తిరిగి కుట్టడం, కుట్టడానికి మిగలకపోతే రోగి శరీరంలోంచే టెండన్ ముక్క తీసి కొత్త పట్టు అమర్చడం, అదీ కుదరకపోతే కొన్ని ఎముకలను అతికించడం లేదా తీసివేయడం ఈ శస్త్రచికిత్స పరిధిలోకి వస్తాయి. చేతి శస్త్రచికిత్సలో ఇది ఆలస్యంగా ఎదిగిన శాఖ. విరిగిన ఎముక ఎక్స్‌రేలో కనబడుతుంది, తెగిన లిగమెంట్ కనబడదు. చేయి ఆనించి పడినవాళ్లు నొప్పి తగ్గలేదని మొత్తుకున్నా, ఎముక బాగానే ఉంది, ఇది బెణుకే అని పంపేయడం అన్ని దేశాల్లోనూ తరాల తరబడి సాగింది.

మణికట్టులో ఎనిమిది ఎముకలు రెండు వరుసల్లో ఉంటాయి. ముంజేతికి ఆనుకున్న వరుసలో బొటనవేలి వైపు స్కాఫాయిడ్, మధ్యలో ల్యూనేట్, చిటికెనవేలి వైపు ట్రైక్వెట్రం. ముంజేతి కండరాల టెండన్లు ఈ మూడింటినీ దాటుకుని ముందుకు పోతాయే తప్ప వీటిని పట్టుకోవు. అందువల్ల ఇవి తమంతట తాము కదలలేవు. చుట్టుపక్కల ఎముకల ఒత్తిడి, లిగమెంట్ల పట్టు ఎటు తిప్పితే అటు తిరుగుతాయి. బరువు పడితే స్కాఫాయిడ్ అరచేతి వైపు వంగబోతుంది, ట్రైక్వెట్రం మాత్రం ల్యూనేట్‌ను చేతి వెనక వైపుకు లాగుతుంది. ఈ రెండు లాగుళ్ల మధ్య నిలబడేది స్కాఫోల్యూనేట్ లిగమెంట్. మణికట్టు లిగమెంట్ల శస్త్రచికిత్స చరిత్రలో పెద్ద భాగం దీని చుట్టూనే నడిచింది.

1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేను కనిపెట్టేదాకా ఈ ఎముకల అమరికను బతికున్న మనిషిలో చూసే దారే లేదు. 1814లో డబ్లిన్ వైద్యుడు అబ్రహాం కోలిస్ మణికట్టు దగ్గరి ముంజేతి ఎముక విరుపును చేతి స్పర్శతో, వంకర ఆకారంతో గుర్తించి వర్ణించాడు. లోపలి లిగమెంట్ల సంగతి ఆ పద్ధతికి అందేది కాదు. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో ఎటియెన్ డెస్టో తొలినాళ్ల ఎక్స్‌రేలతోనే మణికట్టు గాయాలను ఏళ్ల తరబడి పరిశీలించాడు. స్కాఫాయిడ్, ల్యూనేట్ ఎముకలు ఒకదాన్నొకటి విడిచి దూరమవడాన్ని గమనించాడు. ఆయన 1918లో మరణించాక, 1923లో ఆ కృషి పుస్తకంగా వచ్చింది. కానీ ఆయన చూసినదాన్ని చికిత్సగా మలిచే ప్రయత్నం చాలాకాలం జరగలేదు.

మణికట్టు ఎలా పనిచేస్తుందో తెలియకుండా దాన్ని బాగుచేయడం సాధ్యం కాదు. ఆ అవగాహన ముక్కలు ముక్కలుగా వచ్చింది. 1943లో లండన్ గైస్ ఆసుపత్రికి చెందిన గిల్‌ఫర్డ్, బోల్టన్, లాంబ్రినూడి మణికట్టును మూడు లింకుల గొలుసుగా వివరించారు. రెండు చివర్ల నుంచి ఒత్తిడి పడితే మధ్య లింకు ఒరిగిపోవాలి, దాన్ని ఆపేది స్కాఫాయిడేనన్నారు. 1970లో జెఫ్రీ ఫిస్క్ ఆ ఒరిగిపోవడాన్ని కాన్సర్టీనా అనే వాద్యం తిత్తి మడతపడడంతో పోల్చాడు.

1972లో అమెరికాలోని మేయో క్లినిక్ నుంచి లిన్‌షీడ్, డాబిన్స్, వారి సహచరులు రాసిన వ్యాసం ఈ రంగానికి పునాది. పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో ల్యూనేట్ చేతి వెనక వైపుకు వాలిందా, అరచేతి వైపుకు వాలిందా అన్నదాన్ని బట్టి వారు మణికట్టు అస్థిరతను రెండు రకాలుగా విభజించారు. మొదటి రకాన్ని డిసి అని, రెండో రకాన్ని విసి అని శస్త్రవైద్యులు ఇప్పటికీ పిలుస్తారు. అప్పటిదాకా బెణుకు అనే ఒక్క మాట కింద పడి ఉన్న గాయాలకు కొలతలు, లక్షణాలు, పేర్లు వచ్చింది ఆ వ్యాసంతోనే. 1980లో మేఫీల్డ్ బృందం శవాల మణికట్లపై ప్రయోగాలు చేసి, పడినప్పుడు గాయం స్కాఫాయిడ్ పక్క మొదలై ల్యూనేట్ చుట్టూ నాలుగు దశల్లో పాకుతుందని చూపింది.

తెగిన లిగమెంట్‌ను వదిలేస్తే ఏమవుతుందో 1984లో కిర్క్ వాట్సన్, బాలెట్ తేల్చారు. వారు 4,000 మణికట్టు ఎక్స్‌రేలు పరిశీలిస్తే 210లో అరుగుదల కనబడింది. వాటిలో సగానికి పైగా ఒకే క్రమంలో సాగాయి: వంగిపోయిన స్కాఫాయిడ్ ముంజేతి ఎముకతో రాసుకుని మృదులాస్థి అరగడం, తర్వాత మణికట్టు మధ్య కీలు కూలడం. ఈ స్థితికి స్లాక్ అనే పేరు వారు పెట్టిందే. ఇరవైల్లో పట్టించుకోని బెణుకు నడివయసులో కీళ్లవాతమై తిరిగివస్తుందన్న హెచ్చరికకు అప్పుడు ఆధారం దొరికింది. అక్కడిదాకా వచ్చినవారికి మిగిలేవి ముంజేతికి ఆనుకున్న వరుస ఎముకలను తీసివేయడం, లేదా స్కాఫాయిడ్ తీసి మిగతావాటిలో నాలుగింటిని అతికించడం. రెండింటివల్లా నొప్పి తగ్గుతుంది, చేతి కదలికలో మాత్రం కొంత భాగం శాశ్వతంగా పోతుంది.

లిగమెంట్‌నే బాగుచేయాలన్న తొలి ప్రయత్నాలు నిరాశపరిచాయి. 1970లలో స్కాఫాయిడ్, ల్యూనేట్‌లకు రంధ్రాలు చేసి టెండన్ ముక్కను దూర్చి బిగించేవారు. రక్తప్రసరణ అంతంతమాత్రంగా ఉండే ఈ ఎముకలను రంధ్రాలు బలహీనపరిచేవి, టెండన్ కూడా కాలక్రమేణా సాగేది. 1987లో గెరాల్డ్ బ్లాట్ కీలు వెనక ఉన్న పొరలోంచి ఒక పట్టీని మలిచి స్కాఫాయిడ్ కింది చివరకు కుట్టాడు. ఆ పట్టీ ఎముకను వంగనివ్వదు. పద్ధతి తేలిక కావడంతో త్వరగా వ్యాపించింది. దాని మూల్యం, చేయి అరచేతి వైపుకు పూర్తిగా వంగకపోవడం.

ఇటలీలోని బ్రెషాకు చెందిన జార్జో బ్రునెల్లి 1995లో ప్రకటించిన పద్ధతి దారి మార్చింది. అరచేతి వైపున్న ఫ్లెక్సర్ కార్పి రేడియాలిస్ టెండన్‌లోంచి ఒక సన్నటి పాయను, దాని కింది మొదలు వదలకుండా చీలుస్తారు. స్కాఫాయిడ్ కింది చివరలో చేసిన సొరంగం గుండా దాన్ని అరచేతి వైపు నుంచి వెనక్కి లాగుతారు. ఆ లాగుడుతోనే వంగిన స్కాఫాయిడ్ నిలువవుతుంది. బ్రునెల్లి ఆ పాయ కొసను ముంజేతి ఎముకకు బిగించాడు. దానివల్ల కదలిక తగ్గుతోందని గమనించి ఇంగ్లండ్‌లో స్టాన్లీ బృందం కొసను ల్యూనేట్‌కు బిగించింది. 2006లో బార్సిలోనాకు చెందిన గార్సియా ఎలియాస్, సహచరులు అదే పాయతో మూడు లిగమెంట్ల పని చేయించే రూపం ఇచ్చారు. దానికన్నా విలువైనది, దాన్ని ప్రకటించిన వ్యాసంలోనే ఉంది: కత్తి పట్టేముందు వేసుకోవాల్సిన ప్రశ్నల వరుస. లిగమెంట్ వెనక భాగం నిలిచి ఉందా, తెగితే కుట్టేంత కణజాలం మిగిలిందా, స్కాఫాయిడ్ తన స్థానంలోనే ఉందా, ఎముకలు పక్కకు జరిగితే తిరిగి సర్దగలమా, మృదులాస్థి బాగుందా. ఏ ప్రశ్న దగ్గర 'లేదు' వస్తుందో దాన్నిబట్టి చికిత్స మారుతుంది. వెనక భాగాన్నే ముందు అడగడానికి కారణం మేయో క్లినిక్‌కు చెందిన బెర్గర్ పరీక్షల్లో తేలిన బలాల తేడా: ఈ భాగం సుమారు 260 న్యూటన్ల లాగుడు దాకా ఆగుతుంది, అరచేతి వైపు భాగం 118 దగ్గర, మధ్య పొర 63 దగ్గర తెగుతాయి.

కీలులోకి కెమెరా పంపే ఆర్థ్రోస్కోపీ మణికట్టుకు 1979 ప్రాంతంలో వచ్చింది. చెన్ దాన్ని వర్ణించగా, 1980లలో విప్పుల్, రాత్, పోలింగ్ పద్ధతిని స్థిరపరిచారు. వేళ్లకు తొడుగులు వేసి చేతిని పైకి వేలాడదీస్తారు, కీలు కొద్దిగా తెరుచుకుంటుంది, చేతి వెనక చిన్న గాటు ద్వారా 2.7 మిల్లీమీటర్ల గొట్టం లోపలికి వెళ్తుంది. 1996లో గైస్లర్ చేసిన వర్గీకరణలో చివరి దశకు గుర్తు, ఆ గొట్టమే స్కాఫాయిడ్, ల్యూనేట్‌ల మధ్య ఖాళీలోంచి అవతలి కీలులోకి దాటిపోవడం. తర్వాత ఫ్రాన్స్‌లో మథులాన్, స్పెయిన్‌లో కొరెల్లా పెద్ద కోత లేకుండానే లిగమెంట్‌ను సరిచేసే పద్ధతులు రూపొందించారు.

ఇక మణికట్టు రెండో పక్క, అంటే చిటికెనవేలి వైపున్న త్రికోణ మృదులాస్థి సముదాయానికి పామర్, వెర్నర్ 1981లో ఆ పేరు పెట్టారు. దాని గాయాలను పామర్ 1989లో వర్గీకరించాడు. ముంజేతి రెండు ఎముకల కింది కీలు వదులైతే టెండన్‌తో లిగమెంట్లను పునర్నిర్మించే పద్ధతిని 2002లో ఆడమ్స్, బెర్గర్ ప్రచురించారు.

లిగమెంట్ తాడు మాత్రమే కాదని ఇటీవలి పరిశోధన చెప్పింది. స్వీడన్‌కు చెందిన ఎలిసబెట్ హేగర్ట్ అధ్యయనాల్లో లిగమెంట్లలోని నాడీ కొసలు కీలు స్థితిని ముంజేతి కండరాలకు తెలియజేస్తున్నట్టు తేలింది. అందుకే ఆపరేషన్‌లో ఆ నాడులను కాపాడడం, తర్వాత సరైన కండరాలకే వ్యాయామం ఇవ్వడం ఇప్పుడు చికిత్సలో భాగం.

ఇన్ని పద్ధతులున్నా అన్నిటికన్నా మేలైనది ఇదేనని తేలిన ఆపరేషన్ లేదు. తేలింది సమయం విలువ. మొదటి కొద్ది వారాల్లో తెగిన లిగమెంట్‌ను కుట్టి కె-వైర్లు అనే సన్నటి లోహపు తీగలతో ఎముకలను నిలిపితే వచ్చే ఫలితం, నెలలు గడిచాక చేసే పునర్నిర్మాణంతో రావడం కష్టం. మన ఊళ్లలో బండి మీంచి పడి చేయి ఆనించినవాళ్లు చాలామంది నూనె మర్దనతోనో నాటుకట్టుతోనో క్రేప్ బ్యాండేజీతోనో ఈ వారాలు గడిపేస్తున్నారు. ఎక్స్‌రే బాగుందన్నా, రెండు వారాలకు కూడా మణికట్టు వెనక మధ్యలో నొక్కితే నొప్పి పుడుతుంటే, పట్టు బిగించలేకపోతుంటే, చేతి శస్త్రవైద్యుడికి చూపించండి. ఎముకల మధ్య ఖాళీ తెలిసేలా రెండు చేతులూ పిడికిలి బిగించి ఎక్స్‌రే తీయమని అడగండి.