కొత్త ఇనప్పెట్టె మేలా, బాగుచేసిన పాతది మేలా? ఇంటి సేఫ్ కొనేముందు తెలుసుకోవలసినవి

ఇంట్లో బంగారం, ఆస్తి దస్తావేజులు భద్రపరచుకోవడానికి గట్టి ఇనప్పెట్టె కొనదలచిన వారికి రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది, తయారీ సంస్థ నుంచి కొత్తది తీసుకోవడం. రెండోది, బ్యాంకు శాఖలు, నగల దుకాణాలు, కార్యాలయాలు వదిలించుకున్న పాత పెట్టెను, వ్యాపారి మరమ్మతు చేసి రంగు వేసిన తరువాత తక్కువ ధరకు కొనుక్కోవడం. ఫ్రిజ్ లేదా కారు పాతదైతే దాని లోపం వాడుకలో బయటపడుతుంది. ఇనప్పెట్టె లోపం మాత్రం దొంగ చేతిలోనో, మంటల్లోనో బయటపడుతుంది. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు. అందువల్ల ధర గురించి ఆలోచించే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. ఆ పెట్టె ఏ పరీక్షకు నిలిచింది? ఆ తరువాత దానిపై ఎవరి చేయి పడింది?

బీరువా అర వేరు, ఇనప్పెట్టె వేరు

చాలా ఇళ్లలో నగలు ఉక్కు బీరువా లోపలి చిన్న అరలో ఉంటాయి. దానినే లాకర్ అని పిలవడం అలవాటు. పలుచని రేకుతో చేసిన ఆ అర గునపం దెబ్బకు ఎంతోసేపు ఆగదు. బ్యాంకు లాకర్ నిస్సందేహంగా మంచి ప్రత్యామ్నాయమే. అయితే దానికీ ఒక పరిమితి ఉంది. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 18న జారీ చేసి, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన నిబంధనల ప్రకారం, అగ్నిప్రమాదం, చోరీ, దోపిడీ, భవనం కూలడం, ఉద్యోగుల మోసం వంటి సందర్భాల్లో బ్యాంకు బాధ్యత లాకర్ వార్షిక అద్దెకు 100 రెట్లుగా ఉంటుంది. ఏడాదికి 3,000 రూపాయల అద్దె చెల్లించే వారికి అది 3 లక్షల రూపాయలు. ఈ కారణంగానూ, పండుగలకు పెళ్లిళ్లకు నగలు చేతికి అందుబాటులో ఉండాలన్న అవసరంతోనూ ఇంట్లో ఇనప్పెట్టె పెట్టుకోవాలన్న ఆలోచన వస్తుంది.

గ్రేడు చెప్పేది ఏమిటి?

ఎవరూ తెరవలేని ఇనప్పెట్టె అంటూ ఏదీ లేదు. మంచి పెట్టె దొంగకు పట్టే సమయాన్ని పెంచుతుంది. ఆ సమయాన్ని కొలిచి చెప్పేదే గ్రేడు.

భారతదేశంలో ఇనప్పెట్టెలకు వర్తించే ప్రమాణం ఐఎస్ 550. దానికి లోబడి ధ్రువీకరణ పొందిన ఉత్పత్తిపై ఐఎస్ఐ ముద్రతో పాటు లైసెన్సు సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య అసలైనదో కాదో భారతీయ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు.

ఐరోపా ప్రమాణం ఈఎన్ 1143-1 ఇనప్పెట్టెలను గ్రేడులుగా విభజిస్తుంది. పరీక్షకులు వాడిన పనిముట్ల శక్తిని, పట్టిన నిమిషాలను కలిపి 'నిరోధక యూనిట్లు' లెక్కిస్తారు. చేయి దూరేంత రంధ్రం చేయడానికి ఒక లెక్క, పెట్టెను పూర్తిగా తెరవడానికి మరో లెక్క ఉంటాయి. ఒకటో గ్రేడుకు ఇవి 30, 50 యూనిట్లు కాగా, మూడో గ్రేడుకు 80, 120 యూనిట్లు. అంతకంటే తక్కువ స్థాయి పెట్టెలకు ఈఎన్ 14450 కింద ఎస్1, ఎస్2 అనే తరగతులున్నాయి.

అమెరికా పద్ధతిలో టీఎల్-15, టీఎల్-30 అన్న గుర్తులు కనిపిస్తాయి. ఆ అంకె నిమిషాలను సూచిస్తుంది. పనిముట్టు పెట్టెకు తగిలి ఉన్న సమయాన్నే లెక్కలోకి తీసుకుంటారు. పనిముట్లు మార్చుకోవడానికి, అలుపు తీర్చుకోవడానికి పట్టిన సమయం ఇందులో చేరదు. మామూలు టీఎల్ గుర్తు తలుపు వైపు జరిపిన పరీక్షకే వర్తిస్తుంది. ఆరు వైపులా పరీక్షించిన వాటికి అంకె పక్కన ఆ విషయం ప్రత్యేకంగా ఉంటుంది. పాత పెట్టెను వెనుక వైపు నుంచి చూడవలసిన అవసరం ఇందువల్లనే ఏర్పడుతుంది.

మంటకు పరీక్ష వేరు

దొంగను ఆపే పెట్టె మంటను కూడా ఆపుతుందని భావించడం పొరపాటు. అమెరికాలోని యూఎల్ 72 ప్రమాణంలో కాగితాలకు ఉద్దేశించిన తరగతి ప్రకారం, నిర్దేశిత సమయం పాటు బయట మంటలు మండుతున్నా లోపలి వేడి 177 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. కంప్యూటర్ సమాచారాన్ని నిల్వచేసే డిస్కెట్ల తరగతికి ఈ పరిమితి 52 డిగ్రీలే. దస్తావేజులను కాపాడిన పెట్టెలోనే డిజిటల్ నిల్వ సాధనాలు పాడైపోవచ్చునని ఈ తేడా చెబుతోంది.

అగ్నినిరోధక పెట్టె గోడల మధ్య నింపే పదార్థంలో నీరు రసాయనికంగా బంధించబడి ఉంటుంది. వేడి తగిలినప్పుడు అది ఆవిరై లోపలి ఉష్ణోగ్రతను అదుపులో ఉంచుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఈ తేమ తగ్గిపోవచ్చు, లేదా బయటికి వచ్చి గోడలను లోపలి నుంచి తుప్పు పట్టించవచ్చు. రంగు వేసినంత మాత్రాన పోయిన తేమ తిరిగి రాదు. కొన్ని పాతకాలపు పెట్టెల్లో ఆస్బెస్టాస్ కూడా ఉంటుంది. వాటిని కోసినా, రంధ్రం చేసినా వెలువడే ధూళి ఊపిరితిత్తులకు హానికరం. కాబట్టి అగ్ని నుంచి రక్షణే ప్రధాన అవసరమైన వారికి కొత్త పెట్టె తీసుకోవడమే తగిన నిర్ణయం.

పాతదానిలో దాగి ఉండే లోపాలు

మొదటిది రంధ్రం. తాళంచెవి పోయినప్పుడో, సంకేతం మరచిపోయినప్పుడో నిపుణులు తలుపుకు సన్నని రంధ్రం చేసి పెట్టెను తెరుస్తారు. ఆ రంధ్రాన్ని గట్టిపరచిన ఉక్కుతో పూడ్చి వెల్డింగ్ చేయాలి. మామూలు పుట్టీతో నింపి రంగు పూస్తే, తరువాత వచ్చే దొంగకు సిద్ధంగా దారి వేసి ఉంచినట్లే.

రెండోది రీలాకర్. తాళంపై దాడి జరిగిందని గ్రహించిన వెంటనే అదనపు గడియలను బిగించే ఏర్పాటు ఇది. కొన్ని పెట్టెల్లో తలుపు లోపల ఒక గాజు పలక ఉంటుంది. డ్రిల్ తగిలి అది పగిలితే స్ప్రింగు గడియలు దూసుకువచ్చి తలుపును బిగిస్తాయి. మరమ్మతు సమయంలో ఈ పలకను తీసేసి, తిరిగి అమర్చకుండా వదిలేసినా తలుపు మామూలుగానే తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. లోటు బయటికి తెలియదు. తలుపు లోపలి కప్పు విప్పించి చూస్తేనే తెలుస్తుంది.

మూడోది తాళం. పాత యజమాని దగ్గర, ఆయన దగ్గర పనిచేసిన వారి దగ్గర ఎన్ని మారుతాళం చెవులు మిగిలి ఉన్నాయో ఎవరూ హామీ ఇవ్వలేరు. మూడు చక్రాల డయల్ తాళంలో ఒక్కో చక్రానికి 100 గుర్తులుంటే లెక్క ప్రకారం 10 లక్షల సంకేతాలు సాధ్యమవుతాయి. పాత సంకేతం మార్చకపోతే అన్ని లక్షలూ వృథాయే. తాళం మొత్తాన్ని మార్చి, కొత్త సంకేతాన్ని కొనుగోలుదారు స్వయంగా అమర్చుకోవాలి. ఎలక్ట్రానిక్ తాళమైతే కర్మాగారంలో పెట్టిన సంకేతాన్ని, వ్యాపారి వాడిన సంకేతాన్ని కూడా తొలగించాలి.

నాలుగోది పలక. తయారీ సంస్థ పేరు, క్రమ సంఖ్య, గ్రేడు ఉండే లోహపు పలక తలుపు లోపలి వైపు ఉంటుంది. అది లేకపోతే గ్రేడు గురించి వ్యాపారి చెప్పే మాటకు ఆధారం లేదు. పలక ఉన్నా, ఆ గ్రేడు కర్మాగారం నుంచి వెలువడిన నాటి స్థితికే వర్తిస్తుంది.

పాతది ఎప్పుడు లాభదాయకం?

మార్కెట్లో కొత్త పెట్టెలన్నీ ఒక్క స్థాయివి కావు. హోటల్ గదుల్లో కనిపించే చిన్న డిజిటల్ పెట్టెల వంటివి చాలావరకు ఏ చోరీ పరీక్షకూ నిలిచినవి కావు. వాటితో పోలిస్తే, పేరున్న సంస్థ తయారుచేసి, పలక చెక్కుచెదరకుండా, రంధ్రం పడకుండా ఉన్న పాత పెట్టె ఎంతో బలమైనది. మందపాటి ఉక్కు, కాంక్రీటు వయసుతో పెద్దగా బలహీనపడవు. అరిగేవి తాళం, గడియలు, బందులే. ఆ మూడింటినీ అర్హుడైన నిపుణుడు సరిచేసి, చేసిన పనిని రాతపూర్వకంగా ఇస్తే పాతది తీసుకోవడంలో తప్పు లేదు. అదే ధరకు దొరికే కొత్తదాని కంటే ఒకటి రెండు గ్రేడులు పైది లభించవచ్చు.

విడిభాగాలు దొరకని మోడల్, వెల్డింగ్ అతుకులున్న గోడ, పలక లేని తలుపు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ధర ఎంత తక్కువైనా వదులుకోవడమే మంచిది.

బరువు, బిగింపు

తేలికైన పెట్టెను అక్కడే తెరవవలసిన పని దొంగకు లేదు, ఎత్తుకుపోతే సరిపోతుంది. అందుకే ఈఎన్ 1143-1 ప్రకారం 1,000 కిలోల లోపు బరువుండే విడి పెట్టెలకు నేలకు గానీ గోడకు గానీ బిగించే ఏర్పాటు తప్పనిసరి. పాత పెట్టె కొనేటప్పుడు ఈ బిగింపు రంధ్రాలు ఉన్నాయో లేదో చూడాలి. లేనిచోట కొత్తగా రంధ్రం చేయిస్తే గోడ రక్షణ దెబ్బతినవచ్చు.

అపార్ట్‌మెంట్లలో మరో విషయం ఉంది. ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం నివాస గదుల నేలను సాధారణంగా చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్ల, అంటే సుమారు 200 కిలోల భారానికి రూపొందిస్తారు. అడుగు భాగం అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉన్న 400 కిలోల పెట్టె ఆ చోట చదరపు మీటరుకు 1,600 కిలోల ఒత్తిడి కలిగిస్తుంది. భారం చుట్టూ ఉన్న స్లాబుకు కొంత పంపిణీ అవుతుంది కనుక నేల కూలుతుందని దీని అర్థం కాదు. అయితే గది మధ్యలో కాక దూలం లేదా స్తంభం దగ్గర ఉంచడం, ముందుగా నిర్మాణ ఇంజనీరును సంప్రదించడం అవసరం.

బీమా, బిల్లు

2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా సంస్థలన్నీ అందిస్తున్న 'భారత్ గృహ రక్ష' పాలసీలో నగలకు ఐచ్ఛిక రక్షణను విడిగా తీసుకోవాలి. ప్రాథమిక పాలసీ కింద, బీమా వర్తించే ప్రమాదం కారణంగా ఏడు రోజుల లోపు జరిగిన దొంగతనానికే పరిహారం ఉంటుంది. మామూలు చోరీకి వేరే పాలసీ కావాలి. ఆ పాలసీలో ఇనప్పెట్టె గ్రేడు గురించిన షరతు ఉందేమో, మరమ్మతు చేసిన పెట్టెను అంగీకరిస్తారేమో కొనకముందే లిఖితపూర్వకంగా అడగాలి.

పాత పెట్టెకైనా బిల్లు తీసుకోవడం తప్పనిసరి. అందులో క్రమ సంఖ్య, గ్రేడు, మార్చిన భాగాలు, వారంటీ గడువు రాయించాలి. చెప్పిన దానికి విరుద్ధంగా ఉంటే 1915 జాతీయ వినియోగదారుల సహాయవాణిని ఆశ్రయించవచ్చు. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు వివాద కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది.

డబ్బు చెల్లించే ముందు

తలుపు లోపలి పలకను చదవాలి. లోపలి కప్పు విప్పించి రీలాకర్‌ను చూడాలి. టార్చిలైటుతో వెనుక, అడుగు భాగాలను పరిశీలించాలి. తలుపు తెరిచి ఉంచినప్పుడే కొత్త సంకేతాన్ని కనీసం మూడుసార్లు వేసి గడియలు సాఫీగా కదులుతున్నాయో లేదో గమనించాలి. ఈ పరిశీలనకు వ్యాపారి అంగీకరిస్తే పాత పెట్టెను నిశ్చింతగా పరిగణించవచ్చు. అంగీకరించకపోతే, అదే సొమ్ముతో వచ్చే ధ్రువీకరణ గల కొత్త పెట్టె కాస్త చిన్నదైనా దానినే ఎంచుకోవడం క్షేమం.