రివిసొండొలి–పెస్కొకొస్తాంజో స్టేషన్

ఇటలీ నడిమధ్య అబ్రుజ్జో కొండల్లో రెండు చిన్న ఊళ్ల పేర్లను కలిపి పెట్టుకున్న స్టేషన్ రివిసొండొలి–పెస్కొకొస్తాంజో. ఇది సముద్రమట్టానికి 1268 మీటర్ల ఎత్తున ఉంది. దేశపు ప్రధాన రైలు మార్గాల్లో దీనికన్నా ఎత్తైన స్టేషన్ ఆస్ట్రియా సరిహద్దులోని బ్రెన్నెర్ ఒక్కటే. ఊళ్లు రెండూ కొండవాలున ఉంటే, స్టేషన్ కింది మైదానంలో ఒంటరిగా నిలిచింది. దాని చరిత్రలో మంచి చెడ్డలు రెండింటికీ ఈ ఎత్తూ ఈ ఒంటరితనమే చాలావరకు మూలం.

సుల్మోనా నుంచి ఇజెర్నియా వైపు వెళ్లే మార్గంలో మొదటి ముక్క 1892లో కాన్సానో దాకా పడింది. మిగతాది 1897 సెప్టెంబరులో పూర్తయింది, స్టేషన్ కూడా అప్పుడే తెరుచుకుంది. సుల్మోనా నుంచి ఇక్కడికి రైలు సుమారు 900 మీటర్లు పైకెక్కాలి. కొన్నిచోట్ల వాలు కిలోమీటరుకు 28 మీటర్లు. అందుకే కొండల చుట్టూ మెలికలు తిప్పి, వీలుకాని చోట సొరంగాలు తొలిచి పట్టాలు వేశారు. ఇలాంటి ఎగుడు దారుల కోసమే 1920లలో 940 తరగతి ఆవిరి ఇంజన్లు తయారయ్యాయి. నీళ్లూ బొగ్గూ వెనక వేరే బండిలో కాకుండా ఇంజన్ మీదే ఉండేవి.

1943 శరదృతువులో ఈ కొండలు యుద్ధరంగమయ్యాయి. జర్మన్ల గుస్తావ్ రక్షణరేఖ ఈ ప్రాంతం గుండానే సాగింది. పొరుగున ఉన్న రొక్కరాజో ఊరు దాదాపు నేలమట్టమైంది. రైలు మార్గం వంతెనలతో సహా దెబ్బతింది. దాన్ని ముక్కలు ముక్కలుగా బాగుచేస్తూ పోయారు. మొత్తం మార్గం మళ్లీ తెరుచుకునేసరికి 1960 వచ్చింది.

అప్పటికే రోడ్డు పైచేయి సాధిస్తోంది. పని వెతుక్కుంటూ జనం కొండ ఊళ్లు వదిలిపోయారు. ఉన్నవారికేమో బస్సు ఊళ్లోకే వస్తుంది, రైలు రాదు. మెలికల దారిలో రైలు నెమ్మది. ఇన్ని ప్రతికూలతల మధ్య రోజువారీ సర్వీసు ఇంకో అర్ధశతాబ్దం నడవడమే విశేషం. చివరికి దక్షిణ భాగంలో 2010లో, ఈ స్టేషన్ ఉన్న సుల్మోనా–కాస్తెల్ ది సాంగ్రో భాగంలో 2011 డిసెంబరులో మామూలు రైళ్లు ఆగిపోయాయి. అదృష్టవశాత్తు పట్టాలను మాత్రం పీకెయ్యలేదు.

2013లో ఏర్పడిన, ఇటలీ ప్రభుత్వ రైల్వేలకు చెందిన ఎఫ్‌ఎస్ ఫౌండేషన్ మరుసటి ఏడాది నుంచే ఈ దారిలో పాతకాలపు రైళ్లు నడపసాగింది. మంచు కప్పిన మైదానాల వల్ల దీనికి 'ఇటలీ ట్రాన్స్‌సైబీరియా' అన్న ముద్దుపేరుంది. ఈ రైళ్లలో 'చెంతొపోర్తె' పెట్టెలుంటాయి. ఆ మాటకు నూరు తలుపులని అర్థం. నిజంగా వంద ఉండవు కానీ, సీట్ల వరస వరసకూ పక్కనే తలుపు, లోపల చెక్క బెంచీలు. ఎక్కువగా డీజిల్ ఇంజన్లే వీటిని లాగుతాయి, ఆవిరి ఇంజన్ అప్పుడప్పుడూ కనిపిస్తుంది. పర్యాటక రైలు మార్గాల కోసం 2017లో వచ్చిన 128వ నంబరు చట్టం ఈ దారిని కూడా తన జాబితాలో చేర్చింది.

ఈ రైళ్లకు రోజువారీ టైమ్‌టేబుల్ లేదు. ముందే ప్రకటించిన రోజుల్లో, ముఖ్యంగా సెలవులకు, డిసెంబరులో క్రిస్మస్ సంతల వేళ నడుస్తాయి. పని మీద సుల్మోనా వెళ్లాల్సిన ఊరివారు మాత్రం ఇప్పటికీ బస్సో కారో ఎక్కాల్సిందే.