లేపాక్షి రాతికంచాలు

నిమ్మనపల్లె, మదనపల్లె వైపు ఇవాళ టమోటా పడని కూర అరుదు. లేపాక్షి వీరభద్రాలయం నేలబండల మీద తొలిచిన కంచాల్లో మాత్రం, గుడి కట్టేనాడు టమోటా పడి ఉండదు. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో (1529–1542) విరూపణ్ణ సోదరులు ఆ గుడి కట్టించేటప్పటికి ఆ కాయ ఈ నేలకు రాలేదు. ఆ కంచాలు శిల్పులు అన్నం తినడానికే అని స్థానికుల మాట. కాదు, చిత్రకారులు రంగులు కలుపుకోవడానికి అని కొందరంటారు. పైకప్పు నిండా బొమ్మలున్న గుడిలో ఆ మాటను తేలిగ్గా తోసెయ్యలేం.

అయినా ఒక్క కంచాన్ని దగ్గరగా చూడండి. అన్నమో సంగటి ముద్దో పట్టేంత పెద్ద గుంట, దాని పక్కనే కూరకూ పులుసుకూ సరిపోయే చిన్న గుంటలు. ఇది మన విస్తరి లెక్కే. పైగా పైకప్పుకు బొమ్మ వేసేవాడు రంగును మంచె మీదికి మోసుకెళ్లాలి. కదలని నేలబండ అతనికి ఎందుకు? హంపీలోనూ నీటికాలువ వెంట రాతిపళ్లేలు వరుసగా ఉన్నాయి. అక్కడ బొమ్మలు వెయ్యాల్సిన పైకప్పు లేదు, చెయ్యి కడుక్కోవడానికి నీళ్లున్నాయి. అందుకే నేను స్థానికుల మాటనే నమ్ముతాను. లేపాక్షి కళ గురించి రాసేవాళ్లు తల పైకెత్తి చూసినంతసేపూ ఈ నేలనూ చూడాలి.