దీపస్తంభముల వంశమున పుట్టిన కథకుడు

ఆదవానికిని ఎమ్మిగనూరునకును సముద్రము బహుదూరము. అయినను నండూరి రామమోహనరావుగారి ‘కాంచన ద్వీపం’ చదివిన మన బాలురకు ఒంటికాలి సిల్వరును, పాతిపెట్టిన ధనమును, దారి చూపు పటమును కన్నులకు కట్టును. మూలకర్త రాబర్టు లూయీ స్టీవెన్సన్ ఓడదొంగల నెరుగడు. కాని సముద్రముతో మూడుతరములు పోరాడిన ఇంట పుట్టినవాడు.

ఆయన ముత్తాత ఆలన్ తన సోదరుడు హ్యూతో కలిసి వెస్టిండీసు దీవులలో వర్తకము చేసెను. అచటి ప్రతినిధి యొకడు మోసము చేసి పారిపోగా, సోదరులిద్దరును పైకప్పులేని పడవలో దీవినుండి దీవికి వానిని వెంటాడి, రాత్రిమంచుచే జ్వరపడిరని ఆ ఇంటివారి వాడుక. 1774లో కొలది వారముల తేడాతో ఇద్దరును మరణించిరి. ఆలన్ కుమారుడు రాబర్టుకు అప్పటికి రెండేండ్లు నిండలేదు. అతని తల్లి తరువాత తామస్ స్మిత్తును వివాహమాడెను. ఆ స్మిత్తు దీపముల తయారీదారు. స్కాట్లండు దీపస్తంభముల సంస్థకు మొదటి ఇంజనీరు. దొంగ ప్రతినిధి యొకడు లేకున్నచో ఆ వంశమునకు ఈ వృత్తియే అబ్బియుండదేమో! సవతితండ్రి వద్ద పని నేర్చిన రాబర్టు, పోటువేళ మునిగిపోవు బెల్ రాక్ అను బండపై 1807-1810 నడుమ కట్టిన స్తంభము నేటికిని నిలిచియున్నది.

ఆ తాత మరణించిన 1850లోనే మన కథకుడు జన్మించెను. తండ్రి తామస్ అతనిని ఇంజనీరు చేయదలచెను. 1870లో దీపస్తంభ నిర్మాణము జరుగుచుండగా కుమారుడు ఎరెయిడ్ దీవిలో కొన్ని వారములు గడపెను. మరుసటి ఏడే ఆ వృత్తి తనకు వలదనెను. తండ్రి మిక్కిలి నొచ్చుకొనెను. కాని ఇంజనీరునకు కొరగాని ఆ దీవి కథకునకు అక్కరకు వచ్చెను. 1886 నాటి ‘కిడ్నాప్డ్’లో బాలుడు డేవిడ్ చిక్కుకొనిపోయి, పాటువేళ నడచి దాటవచ్చునని తెలియక పచ్చి గుల్లలు తినుచు వణకినది అచటనే.

1881లో బ్రేమర్ గ్రామమున వానలు కురియుచుండగా స్టీవెన్సన్ తన సవతికుమారునితో కలిసి ఒక దీవి పటము గీసి, దానినుండి కథ నల్లనారంభించెను. తామస్ కూడ ఆ ఉత్సాహమున పాలుపంచుకొనెను. బిల్లీ బోన్సు పెట్టెలోని వస్తువుల జాబితాను ఒక పాత కవరు వెనుక వ్రాసి యిచ్చినది ఆయనయే. ఫ్లింటు ఓడకు ‘వాల్రస్’ అను పేరు కోరినదియు ఆయనయే. పదేండ్ల క్రితము వృత్తి విషయమున ఎడబడిన తండ్రికొడుకులు దొంగవాని పెట్టె దగ్గర కూడిరి.

కడపట సమోవా దీవిలో ఆయన తన వంశచరిత్రమునే వ్రాయ మొదలిడెను. అందు కల్పనకు చోటీయక, తాత స్వయముగా వ్రాసిన వృత్తాంతమును విరివిగా చేర్చెను. 1894లో ఆయన మరణించుటచే అది అసంపూర్ణముగా నిలిచినది.

మనకును సాహసములు కొఱత కాదు. 1786లో టిప్పు సుల్తాను ఆదవాని కోటను ముట్టడింపగా, సహాయమునకు వచ్చిన నైజాము, మరాఠా సైన్యములు తుంగభద్ర పొంగకమునుపే నవాబు కుటుంబమును ఆవలికి చేర్చినవి. ఆ రాచకుటుంబము సంగతి చరిత్రకెక్కినది. అదే నాడు సాలెవాడు మగ్గము విప్పి బండిపై వేసికొనెనో, గుంటలోనే విడిచిపోయెనో ఇండ్లలోని వృద్ధులు చెప్పవలెను, లేదా పాతపెట్టెలలోని పద్దుపుస్తకములు చెప్పవలెను. గ్రంథాలయమున అట్టి కాగితములకై ఒక బీరువాను కేటాయించినచో, రేపు బాలలకు కథలు వ్రాయదలచినవారు మొదట దాని తాళమే అడుగుదురు.