చైత్రమాసపు విస్తరి

పుదుచ్చేరి పట్టణపు ఉత్తర భాగమున, సముద్రమునకు చేరువగా, సోలై నగర్ అను పేట కలదు. తమిళమున ‘సోలై’ అనగా చల్లని నీడగల తోపు. తోపు అను మాట చెవిని పడగానే మన మనస్సున వసంతము మెదలును: వేపపూత, మామిడిపిందె, కోకిలకూత. పుదుచ్చేరి వంటి పట్టణమున తమిళము మాటాడు ఇల్లును, తెలుగు మాటాడు ఇల్లును ఒకే వీథిలో ఉండుట వింత కాదు. ఆ రెండిండ్లలోను వసంతము ప్రవేశించు ద్వారము ఒక్కటే. అది వంటిల్లు.

రాజుల చరిత్ర శాసనములయందు నిలిచినది. వర్తకుల చరిత్ర లెక్కపుస్తకములలో నిలిచినది. వంటింటి చరిత్రను ఎవరును వ్రాసిపెట్టలేదు. అది ఏటేట మరల వండబడుచు నిలిచినది. కావున దానిని చదువవలెనన్న మనము విస్తరినే చదువవలెను.

ఒకే వీథిలోని ఆ రెండిండ్లకును సంవత్సరాది మాత్రము ఒకనాడు రాదు. తెలుగువారిది చాంద్రమానము, చైత్ర శుద్ధ పాడ్యమి వారికి ఉగాది. తమిళులది సౌరమానము, సూర్యుడు మేషరాశిని ప్రవేశించు దినము, అనగా ఇప్పటి లెక్కలో ఏప్రిల్ 14 ప్రాంతము, వారికి చిత్తిరై మాసపు మొదటి దినము. సూర్యుని మేషప్రవేశము జరుగు చాంద్రమాసమే చైత్రము గనుక, ఉగాదికిని తమిళ సంవత్సరాదికిని నడుమ సాధారణముగా నెల దినములకు మించి ఎడము ఉండదు. ఒక యింట వేపపూవు ముందుగా రాలును, మరియొక యింట కొంత తరువాత రాలును; చెట్టు మాత్రము ఒక్కటే.

రెండిండ్లలోను ఆనాటి ముఖ్యపదార్థము పేరు పచ్చడి యనియే. పేరొక్కటియైనను పాకము వేరు. తెలుగింటి ఉగాది పచ్చడికి పొయ్యి అక్కరలేదు. కొత్త చింతపండు పులుసులో బెల్లము కరగించి, పుల్లని మామిడిముక్కలు, వేపపూవు, ఉప్పు, కారము కలిపినచో అది సిద్ధమగును. తమిళుల మాంగాయ్ పచ్చడిలో మామిడిముక్కలను ఉడికించి, బెల్లముతో దగ్గరపడనిచ్చి, ఆవాలు తాలింపు పెట్టి, నేతిలో వేయించిన వేపపూవును తుదను చల్లుదురు. మొదటిది పరగడుపున ప్రసాదముగా చేతిలో పోయబడును. రెండవది భోజనవేళ విస్తరిలో ఒక మూలను వడ్డింపబడును.

ఈ పచ్చడిలోని ఆరు రుచులు జీవితమందలి సుఖదుఃఖములకు సంకేతములని పెద్దలు చెప్పుదురు. ఆ వ్యాఖ్యానము సుందరమైనదే. కాని చరిత్రను వెదకువాడు మొదట అడుగవలసిన ప్రశ్న వేరు: ఈ ఆరు వస్తువులే యేల? దీనికి నేల సమాధానము చెప్పును. సంక్రాంతి ప్రాంతమున చెరకు గానుగలు ఆడును. మాఘ ఫాల్గుణములలో కొత్త బెల్లపు దిమ్మలు అంగడికి చేరును. అదే కాలమున చింతకాయ పండి, ఒలిచిన కొత్త పండు కుండలకెక్కును. మలబారు కొండలమీద మిరియపు కోత అప్పటికి ముగియవచ్చును. ఎండ ముదురుటతో తీరమందలి ఉప్పుమడులలో ఉప్పు గడ్డకట్టును. మామిడికి పిందె దిగును. వేప పూయుట కొద్ది వారముల ముచ్చట. ఆరు వస్తువులును ఏకకాలమున క్రొత్తవై దొరకు సమయము చైత్రమే. ఉగాది పచ్చడి వేదాంతమగుటకు ముందు, ఆ యేటి పంటను రుచి చూచి లెక్క సరిచూచుకొను గృహస్థుని కవిలెకట్ట.

ఆ లెక్కలో రాజకీయమును దూరినది. ఉప్పునే చూడుడు. పుదుచ్చేరికి ఉత్తరమున తీరము వెంబడి మరక్కాణమున నేటికిని ఉప్పుమడులున్నవి. ఫ్రెంచివారి సీమలో పండిన ఉప్పును కొను ఏకైక హక్కును 1815వ సంవత్సరపు ఒడంబడికచే ఆంగ్లేయులు సంపాదించిరి. 1818లో మరియొక ఒడంబడికతో ఆ సీమలో ఉప్పు పండించుటయే ఆగిపోయెను. సముద్రము వాకిటనే ఉన్నను, గృహిణి పచ్చడిలో వేయు చిటికెడు ఉప్పు అన్యుల అనుమతితో రావలసివచ్చెను.

కారము కథ మరియు విచిత్రమైనది. మిరపకాయ అమెరికా ఖండమునకు చెందినది. పోర్చుగీసువారి ఓడలు 1498లో ఈ తీరములకు వచ్చిన పిమ్మటనే అది మన దేశమున అడుగిడెను. అంతకుముందు తెలుగింట కారమనిన మిరియమే. 1509 మొదలు 1529 వరకు ఏలిన శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టు భోజనమును చూచినచో ఇది స్పష్టమగును. హేమంతమున అతడు వడ్డించిన కూరలు మిరియపు పొడితో ఘాటెక్కినవి. వేసవిలో వచ్చిన అతిథికి నులివెచ్చని అన్నము, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకురసము, లేత కొబ్బరినీరు, పండ్లు, పరిమళపు చల్లనినీరు, మామిడి పిందెల ఊరుగాయ, నీరు మజ్జిగ పెట్టినట్లు రాయలు వర్ణించెను. తెలుగు రాజు ఒకడు తమిళదేశపు భక్తుని యింటి విందును తెలుగున వర్ణించుట, ఆ విందు ఋతువును బట్టి మారుట, రెండును మనము గమనింపదగినవి. ఆతిథ్యమనగా పదార్థముల సంఖ్య కాదు, వచ్చినవాని దేహము ఆనాటి ఎండకు ఏమి కోరునో ఎరుగుట అని ఆ కవిరాజు తలంపు.

వింధ్యకు ఆవలనున్న హిందీ సీమకు పోయినచో ఇదే ఋతువు వేరొక ముఖముతో కనబడును. ఘాఘుని పేర చెలామణియగు జానపద సూక్తులలో ఒకటి చైత్రమున బెల్లము తినరాదనును. మరియొకటి అదే మాసమున వేపను సేవింపుమనును. మనవారు రెండింటిని ఒక్క పాత్రలోనే కలిపిరి. బీహారు ప్రాంతమున మేషసంక్రాంతినాడు, అనగా తమిళులు మాంగాయ్ పచ్చడి వండు ఆ దినముననే, సత్తుపిండిని పచ్చిమామిడి పచ్చడితో తిను పండుగ కలదు. మహారాష్ట్రులు పాడ్యమినాడు వేపచిగురును బెల్లముతో నమలుదురు. భాషలు మారినను వేపయు మామిడియు ఈ దేశమున ఒకే మాట మాటాడుచున్నవి.

ఇక పుదుచ్చేరి తెలుగువారి సంగతి. ఈ సీమ ఒకప్పుడు సెంజి నాయకుల యేలుబడిలో నుండెను. విజయనగర ప్రాభవముతో దక్షిణమునకు నడచిన తెలుగు కుటుంబములు తమిళ గ్రామములలో స్థిరపడెను. 1649లో సెంజి బీజాపూరు వశమయ్యెను. 1674లో ఫ్రాంస్వా మార్తాన్ ఇచ్చట ఫ్రెంచి స్థావరమును నెలకొల్పెను. డూప్లేకు దుబాసీయైన ఆనందరంగ పిళ్ల 1736 మొదలు 1761 వరకు దినచర్యను తమిళమున వ్రాసెను. అయినను కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథమగు ఆనందరంగరాట్ఛందమును అతనికే అంకితమిచ్చెను. ఆ కాలపు పుదుచ్చేరిలో తెలుగు కవిత్వమునకు ఆదరముండెననుటకు ఇంతకన్న సాక్ష్యమేల? 1954 నవంబరు 1న ఫ్రెంచి స్థావరములు భారతదేశపు పాలనలోనికి వచ్చెను. 1962లో అది చట్టరీత్యా స్థిరపడెను. 1965 నాటి అధికారభాషా చట్టము గోదావరీతీరమందలి యానాంలో తెలుగునకు స్థానమిచ్చెను. పుదుచ్చేరి పట్టణమందలి తెలుగింటికి మాత్రము అట్టి రక్షణ లేదు. అచ్చటి బిడ్డలు తమిళము చదువుదురు, ఆంగ్లము చదువుదురు. తెలుగు వారి నాలుకపై ఉండును, కంటికి అందదు.

లిపి పోయిన యింట ఏది మిగులును? ఉగాదినాటి ఆ గిన్నెడు పచ్చడి మిగులును. అదియు పోవచ్చును. నేడు మామిడికాయ ఏడాది పొడవున శీతలగిడ్డంగినుండి వచ్చుచున్నది, ఎండువేపపూవు పొట్లములలో అమ్ముడుపోవుచున్నది. వస్తువు ఎల్లప్పుడు దొరకునప్పుడు దానికై ఎదురుచూచుట పోవును. ఎదురుచూపు పోయినచో పండుగ పంచాంగములో ఒక అంకెగా మాత్రమే నిలుచును.

కావున చైత్రమున అతిథిని పిలుచు గృహస్థులు కొన్ని చిన్న నియమములను పాటించుట మేలు. పచ్చడికి నిమ్మకాయంత కొత్త చింతపండు, దానికి రెండింతల బెల్లము చాలును. పూవు ఆ ఉదయముననే రాల్చినదై యుండవలెను, రెండు చెంచాలకు మించరాదు. కారమునకు మిరపపొడికి మారుగా మిరియము వేసి చూడుడు. ఐదువందల యేండ్ల వెనుకటి నాలుక మీకు పరిచయమగును. ఎండనబడి వచ్చినవానికి కాఫీకి ముందు పానకమిండు: లీటరు నీటికి 150 గ్రాముల బెల్లము, అరచెంచా మిరియపుపొడి, కొంచెము శొంఠి, నాలుగు ఏలకులు. దానితో నానిన పెసరపప్పు, కొబ్బరికోరు, మామిడితురుము కలిపిన వడపప్పు. శ్రీరామనవమికి ఇవి తెలుగింటను తమిళింటను సమానమే. భోజనము తేలికగానుండి మజ్జిగతో ముగియవలెను.

అన్నింటికంటె ముఖ్యముగా, ఉగాదినాడు తమిళుల యింటికి మన పచ్చడిని ఒక గిన్నెడు పంపుడు. చిత్తిరైనాడు వారి గిన్నె తిరిగి వచ్చును. ఏది ముందు పుట్టినదను తగవు పండితులకు విడువవచ్చును. రెండు గిన్నెలను రుచి చూచిన బిడ్డ, తనకు రెండు సంవత్సరాదులున్నవని తెలిసికొనును. అందొకటి తన యింటి భాషలో వచ్చినదని కూడ తెలిసికొనును. ఆ భాషలో ‘పచ్చడి’ అను మాటను వ్రాయుట ఎట్లని ఆ బిడ్డ అడిగిననాడు, పెద్దలు పలకను సిద్ధముగా ఉంచవలెను.