నిలువునా కోసి నాలుగంగుళాలు కలిపిన కారు

మోరిస్ మైనర్ కారును ఎదురుగా నిలబడి చూస్తే బానెట్ నడిమధ్యన ఒక చదును పట్టీ కనిపిస్తుంది. వెడల్పు నాలుగంగుళాలు. అందం కోసం పెట్టారనుకుంటాం. నిజానికి అది కోత గుర్తు. 1947 చివర్లో, తయారీ ఏర్పాట్లు చాలావరకు పూర్తయ్యాక, ఆ కారును రూపొందించిన ఇంజనీరుకు బండి బక్కగా ఉందనిపించింది. నమూనా కారును ముక్కు నుంచి తోక దాకా నిలువునా కోయించాడు. రెండు సగాలనూ ఎడంగా జరిపిస్తూ, మళ్ళీ దగ్గరికి తెప్పిస్తూ చూశాడు. నాలుగంగుళాల ఎడం దగ్గర అతని కన్ను కుదురుకుంది. 57 అంగుళాల బండి 61 అంగుళాలైంది. అప్పటికే తయారై ఉన్న బంపర్లను పారేయకుండా మధ్యకు కోసి, నడుమ ఒక ముక్క అతికించారు. తొలి మైనర్లలో ఆ అతుకు స్పష్టంగా తెలుస్తుంది.

ఆ ఇంజనీరు పేరు అలెక్ ఇసిగోనిస్. 1906లో స్మిర్నాలో పుట్టాడు. ఇప్పుడు ఆ ఊరు టర్కీలోని ఇజ్మీర్. తండ్రి గ్రీకు వంశస్థుడు, బ్రిటిష్ పౌరుడు. 1922లో ఆ ఊళ్ళో యుద్ధం చెలరేగితే ఆ కుటుంబం ఉన్నపళంగా మాల్టాకు తరలిపోవలసి వచ్చింది. కొద్దికాలానికే తండ్రి చనిపోయాడు. తల్లీకొడుకులు ఇంగ్లండ్ చేరారు. లండన్‌లోని బాటర్సీ పాలిటెక్నిక్‌లో చేరిన కుర్రాడు లెక్కల పరీక్ష మూడుసార్లు తప్పాడు. చేతి గీత మాత్రం అద్భుతం. కారు లోపలి అమరిక ఎలా ఉండాలో కాగితం మీద స్కేలు పట్టకుండానే గీసి చూపేవాడు. 1936లో మోరిస్ కంపెనీలో చేరాడు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే ఈ చిన్నకారు ఆలోచన మొదలైంది. ఆక్స్‌ఫర్డ్ పక్కన కౌలీలో ఉన్న మోరిస్ ఫ్యాక్టరీ అప్పుడు పూర్తిగా సైన్యం పనుల్లో మునిగి ఉంది. కంపెనీ వైస్ ఛైర్మన్ మైల్స్ థామస్ మాత్రం యుద్ధం తర్వాతి రోజుల గురించి ఆలోచిస్తున్నాడు. ఇసిగోనిస్‌కు ఒక చిన్న బృందాన్ని ఇచ్చాడు. ఇసిగోనిస్ గీసిన బొమ్మలను పనికొచ్చే డ్రాయింగులుగా మార్చినవారు ఇద్దరు. ఇంజను, చక్రాల సంగతి జాక్ డేనియల్స్‌ది, బాడీ సంగతి రెజ్ జాబ్‌ది. కారుకు పెట్టుకున్న రహస్యనామం మస్కిటో.

అప్పటిదాకా చిన్నకారంటే పెద్దకారును కుదించి, ఖరీదు తగ్గించడానికి ఏదో ఒకటి కోసేసిన బండి. కొనేవాడి జేబు చిన్నది కాబట్టి వాడి సుఖమూ చిన్నదే అయినా ఫరవాలేదన్నట్టు ఉండేది వ్యవహారం. ఇసిగోనిస్ దీన్ని ఒప్పుకోలేదు. ఇంజనును బాగా ముందుకు జరిపాడు. 17 అంగుళాల చక్రాల చోట 14 అంగుళాలవి పెట్టి, వాటిని నాలుగు మూలలకూ నెట్టాడు. దాంతో మనుషులు కూర్చునే చోటు పెరిగింది. ముందుభాగం బరువెక్కడంతో బండి పక్కలకు లాగకుండా తిన్నగా పోయేది. విడి చాసిస్ తీసేసి, బాడీనే బరువు మోసేలా కట్టాడు. ముందు చక్రాలకు కమాను కట్టల బదులు మెలితిరిగే ఉక్కు కడ్డీలు అమర్చాడు. వాటినే టోర్షన్ బార్లంటారు. స్టీరింగేమో ర్యాక్ అండ్ పినియన్ పద్ధతిది. చక్రం ఇంత తిప్పితే బండి అంతే తిరుగుతుంది. మామూలు గుమస్తా కొనుక్కునే బండికి ఇంత మంచి స్టీరింగు ఇవ్వడమే నా దృష్టిలో మైనర్ చేసిన అసలు మేలు.

అన్నీ అనుకున్నట్టు జరగలేదు. సిలిండర్లు ఎదురెదురుగా పడుకుని ఉండే కొత్త ఇంజను కావాలని ఇసిగోనిస్ పట్టుబట్టాడు. అది నెరవేరలేదు. చివరికి పాత మోరిస్ ఎయిట్ కారులోని 918 సీసీ ఇంజనునే దింపారు. బండి గంటకు వంద కిలోమీటర్లు అందుకోవడమే గగనం.

అంతకన్నా పెద్ద అడ్డంకి యజమాని. కంపెనీ స్థాపించిన విలియం మోరిస్, అప్పటికి లార్డ్ నఫీల్డ్, ఈ గుండ్రటి రూపాన్ని చూసి గుల్ల తీసి నీళ్ళలో ఉడికించిన గుడ్డులా ఉందని ఈసడించాడు. పాత కారు బాగానే అమ్ముడుపోతుంటే కొత్తది ఎందుకన్నది ఆయన వాదన. మైల్స్ థామస్ అడ్డుపడి కాపాడుకుంటూ వచ్చాడు. 1947లో నఫీల్డ్‌తో పొసగక కంపెనీయే వదిలి వెళ్ళిపోయాడు. మైనర్ పుట్టుకలో సగం ఘనత ఆయనకే ఇవ్వాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. బొమ్మ గీసినవాడి పేరు పుస్తకాల్లోకెక్కింది కానీ, ఆ బొమ్మ చెత్తబుట్టలో పడకుండా చూసినవాడు ఈయన.

1948 అక్టోబరులో లండన్‌లోని ఎర్ల్స్ కోర్టులో, యుద్ధం తర్వాత జరిగిన మొదటి మోటారు ప్రదర్శనలో మోరిస్ మైనర్ జనం ముందుకొచ్చింది. ధర దాదాపు 358 పౌండ్లు. అయితే బ్రిటన్‌లో అందరికీ వెంటనే దొరకలేదు. విదేశాలకు అమ్మితేనే కంపెనీలకు ఉక్కు కేటాయించే రోజులవి. బళ్ళు ఓడలెక్కి పోయేవి. అమెరికా నిబంధనలకు తగ్గట్టు, గ్రిల్ పక్కన కిందుగా ఉన్న హెడ్‌లైట్లను పైకి, మడ్‌గార్డుల్లోకి ఎక్కించవలసి వచ్చింది. ఆ మార్పు ఇసిగోనిస్‌కు నచ్చలేదు. 1952లో మోరిస్, ఆస్టిన్ కంపెనీలు కలిసిపోయాక ఆస్టిన్ ఇంజను మైనర్‌లోకి వచ్చింది. 1956లో 948 సీసీ ఇంజనుతో మైనర్ 1000 వచ్చాక గానీ ఆ బాడీకి తగిన బలం దక్కలేదు.

1953లో వచ్చిన ట్రావెలర్ రకానికి వెనకభాగమంతా యాష్ కలప చట్రం. అది అలంకారం కాదు, బండి బరువు మోసే భాగమే. కలప పుచ్చితే బండి తనిఖీలో నెగ్గదు. ఊరూరా తిరిగే నర్సులు, గస్తీ పోలీసులు, తపాలా శాఖవారు మైనర్‌నే వాడారు. పది లక్షల బళ్ళు అమ్ముడైన మొదటి బ్రిటిష్ కారు ఇదే. ఆ మైలురాయి 1960 చివర్లో దాటింది. అప్పుడు గానీ లార్డ్ నఫీల్డ్ తనకు కృతజ్ఞతలు చెప్పలేదని ఇసిగోనిస్ తర్వాత చెప్పుకున్నాడు. 1959లో మినీ కారుతో అతని పేరు ప్రపంచమంతా మోగింది. మైనర్ తయారీ 1971లో ఆగింది. అప్పటికి మొత్తం బళ్ళు సుమారు 16 లక్షలు.

మన దేశంలో హిందుస్థాన్ మోటార్స్ ఈ కారునే బేబీ హిందుస్థాన్ పేరుతో తయారుచేసింది. మైనర్‌తోపాటే అదే ప్రదర్శనలో విడుదలైన పెద్దకారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కూడా ఇసిగోనిస్ రూపొందించినదే. ఆ ఆక్స్‌ఫర్డ్ వరసలో తర్వాత వచ్చిన మూడో సిరీస్ కారే 1950ల చివర్లో మన అంబాసిడర్ అయింది. టోర్షన్ బార్లు, ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగు దానికీ సంక్రమించాయి. హైదరాబాదు సచివాలయం ముందు బారులు తీరిన తెల్ల కార్లకూ, విజయవాడ స్టేషను బయట నిలిచిన టాక్సీలకూ కౌలీలోనే వేరు ఉంది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో నిలిచిపోయింది.